ఇంట్లో ఎవరూ లేరు

కంట్రోల్ రూము, నాలుగో అంతస్తు
ఫిబ్రవరి

పెంకి చెల్లికి,

ఫోన్లో అయితే మూడో మాటకే మనిద్దరికీ చెడుతుందని, ఏం చెప్పుకోవాలన్నా ఉత్తరాలు రాసుకోమని అమ్మ పెట్టిన రూలు ప్రకారం ఇది రాస్తున్నాను. కాగితం మీద నువ్వు నా మాటకి అడ్డం రాలేవు. ఆ సుఖం కోసమైనా రాయాలి.

కొత్త ఉద్యోగం ఎలా ఉందని అడిగావు. హాయిగా ఉంది. కుర్చీలోంచి కదలకుండా నలభై వేల ఇళ్ళకి కాపలా కాస్తున్నాను. ఎదురుగా గోడంత తెర, దాని నిండా చుక్కలు. ఒక్కో చుక్కా ఒక ఇల్లు. ప్రతి ఇంటికీ కప్పు మీద సోలార్ పలకలు, గోడకి ఒక బ్యాటరీ, దాని పక్కన తెలివైన పెట్టె ఒకటి. అన్నీ సవ్యంగా ఉంటే చుక్క ఆకుపచ్చగా ఉంటుంది, నీరసిస్తే పసుపు, మొరాయిస్తే ఎరుపు. పడమటి నుంచి మబ్బు వస్తుంటే చుక్కలు వరసగా మసకబారడం చూడాలి, ఎంత బాగుంటుందో! మొన్న ఒక ఇంట్లో పెట్టె రోజూ మధ్యాహ్నం వేడెక్కిపోతోంది. ఆ ఇంటావిడకి ఫోన్ చేసి చూడమన్నాను. చూస్తే దాని మీద పిల్లి పడుకుని ఉంది. "ఇప్పుడే కునుకు పట్టిందమ్మా, కాసేపాగి లేపనా?" అందావిడ.

ప్రతి ఇంటి వాడకమూ ఒక గీత. గీజర్ వేస్తే గీతలో కొండ లేస్తుంది, ఇస్త్రీకి గుట్ట, టీ కెటిల్‌కి సన్నటి బుడిపె. గీత చూసి ఆ ఇంట్లో ఏం జరుగుతోందో చెప్పేయగలను.

అన్నట్టు, నీ ఇల్లు కూడా మా చుక్కల్లోదే. బుధవారం పదకొండింటికి కెటిల్ పెట్టావు. గురువారమూ అంతే. శుక్రవారం రెండుసార్లు. ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉండాల్సిన వేళ ఇంట్లో టీ ఏమిటే? ఒంట్లో బాగాలేదా? లేక మళ్ళీ... అడగనులే. అడిగితే కరుస్తావు.

మీ బావ నిన్ను అడిగానని చెప్పమన్నారు.

నీ అక్క


ఇల్లు, పెరటి మెట్లు
ఫిబ్రవరి

గూఢచారి అక్కగారికి,

నా కెటిల్ నా ఇష్టం. పదకొండింటికి పెడతాను, పదకొండుంపావుకి పెడతాను, నీళ్ళు లేకుండా కూడా పెడతాను. మా ఆఫీసువాళ్ళు కొన్నాళ్ళు ఇంటి నుంచి పని చెయ్యమన్నారు. చాలా? తృప్తిగా ఉందా?

"మళ్ళీ" అని రాసి మూడు చుక్కలు పెట్టావు. వాటి అర్థం నాకు తెలీదనుకున్నావా? కొవ్వొత్తులు ఆర్నెల్లు, కుట్టు మిషను నాలుగు నెలలు, పూల కుండీలు మరీ తక్కువ. "దీనికి ఏదీ నిలవదు" అని పెద్దమ్మ కూతురి పెళ్ళిలో నలుగురి ముందూ అన్నావు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేస్తాను మరి!

ఇక నుంచి నా ఇంటి గీత వైపు కన్నెత్తి చూడకు. ఒట్టు పెట్టు. లేకపోతే మేడెక్కి పలకల మీద దుప్పటి కప్పేస్తాను.

బావకి నమస్కారాలు. నీకు లేవు.

చెల్లి


కంట్రోల్ రూము
మార్చి

ముక్కు మీద కోపం గల చెల్లికి,

ఒట్టు. ఉత్త ఒట్టు కాదు, పక్కా ఏర్పాటు చేశాను. మా దగ్గర పరీక్షల కోసం పెట్టుకున్న ఇళ్ళు కొన్ని ఉన్నాయి. వాటి చుక్కలు తెర మీద కనబడవు. వాటి కబుర్లూ కేకలూ కంప్యూటర్లోనే ఒక సొరుగులో పడుతుంటాయి, ఎవరూ తెరవరు. నీ ఇంటిని ఆ సొరుగులోకి నెట్టాను. నేను చూడాలనుకున్నా ఇక కనబడవు. నలభై వేల ఇళ్ళల్లో నాకు తెలియని ఇల్లు నీదొక్కటే.

ఇక నా గొప్ప చెప్పుకోనీ. నేనొక రూలు రాశాను. ఎవరూ లేని ఇంట్లో బ్యాటరీ ఎప్పుడూ నిండుగా ఉంటే, అందులోనూ ఎండాకాలంలో, త్వరగా ముసలిదైపోతుంది. కాబట్టి ఏ ఇంటి గీతలోనైనా పది రోజుల పాటు కొండ గానీ గుట్ట గానీ బుడిపె గానీ లేకపోతే, ఆ ఇల్లు ఖాళీ అని పెట్టె దానంతటదే తెలుసుకుంటుంది. బ్యాటరీని పావు వంతు దగ్గర ఆపి, మిగతా కరెంటు ఊరి లైన్లోకి పంపేస్తుంది. మనిషి ముట్టుకోనక్కర్లేదు. పెద్దసారు నా భుజం తట్టినంత పని చేశారు. ముందు కొన్ని ఇళ్ళల్లో పెట్టి చూస్తున్నాం.

ఇంటి నుంచి పని ఎలా సాగుతోంది? మాటవరసకి అడిగాను.

గూఢచారి కాని అక్క


ఇల్లు, వంటగది కిటికీ పక్కన
ఏప్రిల్

అక్కా,

నీ ఒట్టు మీద నాకు నమ్మకమే, కానీ నీ కళ్ళ మీద లేదు. అందుకని నా జాగ్రత్తలో నేనున్నాను. కెటిల్‌ని అటక ఎక్కించాను. టీ గ్యాస్ పొయ్యి మీదే. ఎండలొచ్చాయి కాబట్టి గీజర్‌తో పని లేదు. ఇస్త్రీ పక్కింటి డ్రిల్లు మాస్టారింట్లో చేసుకుంటున్నాను. రిటైరై ఎన్నేళ్ళయినా ఆయన మెడలో ఈల తియ్యలేదు, చొక్కా మడత పెట్టమన్నా "అటెన్షన్" అంటారు. నువ్వు పొరపాటున తొంగి చూసినా నా గీత బల్లలా చదునుగా ఉంటుంది. కొండ లేదు, గుట్ట లేదు. ఏం చదువుకుంటావో చదువుకో.

పని బ్రహ్మాండంగా ఉంది. తలమునకలుగా ఉంది.

ఒక్క సందేహం. నాది కాదు, పక్కింటివాళ్ళది. చిన్న యంత్రం ఒకటి పగలూ రాత్రీ ఒక్క క్షణం ఆగకుండా, ఒకే తీరున నడవాలనుకో. పెద్దగా కరెంటు తాగదు, నాలుగైదు బల్బులంత. లైను పోయి, ఎండ కూడా లేకపోతే బ్యాటరీ మీద ఎంతసేపు ఆగుతుంది? ఊరికే అడుగుతున్నారు. తొందరేం లేదు. త్వరగా రాయి.

చెల్లి


కంట్రోల్ రూము
మే

చెల్లికి,

ఏ యంత్రమో చెప్పరేమిటి మీ పక్కింటివాళ్ళు? చేపల తొట్టా? సరే, ధైర్యంగా ఉండమను. నిండు బ్యాటరీ అయితే మధ్యాహ్నం లైను పోయినా మర్నాడు మధ్యాహ్నం దాకా ఢోకా లేదు. ఈ మాట నేను చెప్పానని చెప్పు, నేను ఉత్తినే చెప్పే మనిషిని కాను.

సోమవారం నుంచి నా రూలు నలభై వేల ఇళ్ళల్లోనూ అమల్లోకి వచ్చింది. బ్యాటరీలు నిండిపోయే మధ్యాహ్నం వేళ చూసి అన్ని పెట్టెల్లోకీ ఒకేసారి పంపాం. ఒక మీట నొక్కితే ఇంతమంది ఇళ్ళల్లో పెట్టెలు నా మాట వింటాయి, ఇంట్లో మీ బావ మాత్రం తడి తువ్వాలు మంచం మీదే పడేస్తారు.

నీ అక్క


కంట్రోల్ రూము
జూన్

చెల్లీ,

నెల దాటింది, నీ ఉలుకూ పలుకూ లేదు. అలక అయితే అలిగానని ఒక ముక్క రాయి.

మీ వైపు గాలివాన వచ్చిందిగా గురువారం! మధ్యాహ్నానికల్లా మీ చుట్టుపక్కల లైన్లన్నీ పడిపోయాయి. ఇక్కడ మేం కుర్చీలు అంచుకి లాక్కుని కూర్చున్నాం. సాయంత్రం దాకా చుక్కలన్నీ ఆకుపచ్చగానే నిలబడ్డాయి. నాలుగైదు పసుపైతే వాళ్ళకి ఫోన్ చేసి ఫ్రిజ్ ఆపించాం. ఒక్క ఇల్లంటే ఒక్క ఇల్లు ఆరలేదు! పెద్దసారు అందరికీ ఐస్‌క్రీం తెప్పించారు. నేను రెండు తిన్నాను. నువ్వుంటే మూడోది నీకు ఇచ్చేదాన్ని.

మీ డ్రిల్లు మాస్టారింటి చుక్క కూడా చూశాను, నిటారుగా నిలబడింది. దాని పక్కనే కదా నీ ఇల్లు, నీకూ బాగానే ఉండి ఉంటుంది.

నీ అక్క


ఇల్లు, ముందుగది నేల మీద
జూన్

అక్కా,

ఒక్క ఇల్లు ఆరింది. నాది.

మొదటి నుంచీ చెబుతాను, మధ్యలో నిట్టూర్చకు. ఉద్యోగం మానేసి నాలుగు నెలలైంది. నువ్వు కెటిల్ సంగతి పట్టేసిన వారమే మానేశాను. ముందుగదిలో బీరువాంత పొదిగే పెట్టె పెట్టుకున్నాను. దాని నిండా బాతు గుడ్లు, రెండు వందలు. చెరువు దగ్గర ఒకావిడకి బాతుల మంద ఉంది. ఆవిడ బాతులు గుడ్లు పెడతాయి గానీ పొదగడానికి వాటికి ఓపిక లేదట. ఈ విడతలో సగానికి పైగా పిల్లలైతే ఏడాది పొడుగునా గుడ్లు నాకే ఇస్తానంది. కాకపోతే వేరేవాళ్ళని చూసుకుంటానంది. నీకు పిల్లల్ని చూపించి చెబుదామనుకున్నాను. గుడ్లు ఉండగా చెబితే మూడు చుక్కలు పెడతావని ఊరుకున్నాను.

గురువారం పొద్దుట్నుంచీ ఎండ మొహం చూడలేదు. మధ్యాహ్నం లైను పోయింది. నేను కంగారు పడలేదు. "మర్నాడు మధ్యాహ్నం దాకా ఢోకా లేదు" అని నువ్వు రాసిన ముక్క చింపి పొదిగే పెట్టెకి అంటించుకున్నాను. దాని వంక చూసుకుంటూ కూర్చున్నాను. దీపాలు పెట్టే వేళకి కుయ్యిమని చప్పుడై పొదిగే పెట్టెలో లైటు ఆరిపోయింది.

గోడ దగ్గరకి పరిగెత్తాను. నీ తెలివైన పెట్టె తన తెర వెలగడానికి మాత్రం కాస్త మిగుల్చుకుంటుంది కాబోలు, దాని మీద అక్షరాలు కనబడ్డాయి. "ఇంట్లో ఎవరూ లేరు. విశ్రాంతి."

అక్కా, నేను దాని ఎదురుగా నిలబడి ఉన్నాను. చేతిలో టార్చి, కాళ్ళకి చెప్పుల్లేవు. గదిలో రెండు వందల గుడ్లు. వాటిలో కళ్ళు కూడా వచ్చేశాయి, నేను చూశాను. నేను లేనంటుందేమిటది? నాకు వొళ్ళు మండిపోయి "ఉన్నానే! ఇక్కడే ఉన్నానే!" అని అరిచాను. గోడ అవతల నుంచి మాస్టారు "ఎవరమ్మా ఉన్నది?" అన్నారు. "నేనే మాస్టారూ, నేనే ఉన్నాను" అన్నాను. అంటూనే ఏడ్చేశాను.

ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. మీ కంపెనీకి చేస్తే మేం చాలా బిజీ అని పాట పాడింది. నీకు చేద్దామని పేరు దాకా వెళ్ళాను. చేస్తే ముందు గుడ్ల సంగతి చెప్పాలి, ఆ పైన ఉద్యోగం సంగతి చెప్పాలి. ఫోన్ పక్కన పెట్టేసి రగ్గులు తెచ్చాను.

మాస్టారు వానలోనే గోడెక్కారు. ఆ వయసులో! ఆయనింటి నుంచి తీగ వేద్దామంటే మూరెడు తక్కువైంది. ఇంకో తీగ దొరికి, రెండూ కలిపి, తడవకుండా గొట్టంలో దూర్చేసరికి భోజనాల వేళ దాటింది. ఆయన ఈల ఊదడం, నేను లాగడం. ఈలోపు గ్యాస్ మీద నీళ్ళు కాచి సీసాల్లో పోసి గుడ్ల మధ్య పెట్టాను. అయినా ముప్పై ఏడు మీద ఉండాల్సిన వేడి ఇరవై ఎనిమిదికి పడిపోయింది. లోపల బతికున్నాయో లేదో తెలీదు.

నీ రూలు బాగుందక్కా. పది రోజులు బుడిపె లేదు కాబట్టి నేను లేను. కెటిల్‌ని అటకెక్కించింది నేనే, ఒప్పుకుంటాను. కానీ ఆ రోజు మీరు ఐస్‌క్రీం తిన్నారని రాశావు చూడు, అది చదివి నీ ఉత్తరం విసిరికొట్టాను. మళ్ళీ తీసి చదివాను. మళ్ళీ విసిరికొట్టాను.

చెల్లి


ఇల్లు, మీ బావ నిద్రపోయాక
జూన్

చెల్లీ,

ఫోన్ చేశాను, ఎత్తలేదు. మంచిపనే చేశావు. ఎత్తితే ఏడవడం తప్ప ఏమీ అనగలిగేదాన్ని కాదు.

నీ ఉత్తరం పట్టుకుని ఆఫీసుకి పరిగెత్తి ఆ సొరుగు తెరిచాను. గురువారం మధ్యాహ్నం నుంచి నీ ఇల్లు మొత్తుకుంటూనే ఉంది. పావు వంతుందంది, తగ్గిపోతోందంది, అయిపోవస్తోందంది. అరగంటకోసారి అరిచింది. అదే గదిలో, పది అడుగుల దూరంలో కూర్చుని నేను ఐస్‌క్రీం తింటున్నాను. చూడొద్దంటే కళ్ళు మూసుకోవాలి గానీ, చెవులు కూడా మూసుకున్నాను. నా బుర్రకి అదే తెలివనిపించింది.

పెద్దసారుకి అంతా చెప్పాను. నీ సంగతి, సొరుగు సంగతి, అన్నీ. రూలు ఆ గంటలోనే ఆపించాను. నా రూలు ఖాళీ అని తేల్చిన ఇళ్ళన్నిటికీ నేనే కూర్చుని ఫోన్లు చేశాను. ప్రతి మూడిళ్ళలో ఒకదాంట్లో ఎవరో ఒకరు ఫోనెత్తి "ఎవరండీ?" అన్నారు. ఒక పెద్దాయన అన్నారు, "నేను చన్నీళ్ళు పోసుకుని పుస్తకం చదువుకుంటున్నానమ్మా, మీకేమైనా అభ్యంతరమా?" ఒకావిడ రోజంతా బొమ్మలు గీసుకుంటుందట, వెలుతురు పోతే పడుకుంటుందట. అడక్కుండానే వాళ్ళందర్నీ లేరనేశాను. ఇప్పుడు రూలు మారింది. ముందు ఇంటికి కబురు పెట్టి అడగాలి, ఇంట్లోవాళ్ళు అవునంటేనే బ్యాటరీకి విశ్రాంతి.

ఇదంతా సరే. నాలుగు నెలలు నువ్వు నాకొక్క మాట చెప్పలేకపోయావు. గుడ్లు చల్లబడిపోతుంటే కూడా ఫోన్ పక్కన పెట్టేశావు. అది చదివాక నాకు అన్నం సహించలేదు. ఆ పెళ్ళిలో నవ్వించడానికి అన్నాను, నువ్వు నవ్వావు కాబట్టి సరిపోయిందనుకున్నాను. తప్పుగా అన్నానే. కుట్టు మిషను నాలుగు నెలలే అయినా అప్పుడు నువ్వు కుట్టిన జాకెట్టే నాకు ఇప్పటికీ సరిగ్గా సరిపోతుంది.

బాతులావిడతో నేను మాట్లాడనా? తప్పు నాదని చెబుతాను.

నీ అక్క


ఇల్లు, పొదిగే పెట్టె ముందు
జూన్

అక్కా,

నువ్వు మాట్లాడితే ఆవిడ బాతుల్ని కూడా తోలుకుని ఊరొదిలి పోతుంది. నేనే వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ కోప్పడలేదు, జాలీ పడలేదు. "సగం దాటితే మాట మాటే. దాటకపోతే నేనేం చెయ్యలేను తల్లీ" అంది.

నిన్న టార్చి పెట్టి ఒక్కో గుడ్డూ చూశాను. కొన్ని నల్లగా ఊరుకున్నాయి. వాటిని తీసి పక్కన పెట్టాను. కొన్నిట్లో ఎర్రటి దారాల మధ్య చిన్న నీడ, వెలుగు తగలగానే విసుక్కున్నట్టు కదిలింది. ఎన్ని కదిలాయో లెక్కపెట్టలేదు. భయమేసింది.

నీ మీద కోపం చాలావరకు తగ్గింది. ఐస్‌క్రీం దగ్గర కొంచెం మిగిలింది, దాన్ని ఉంచుకుంటాను.

ఆ సొరుగులోంచి నా ఇంటిని బయటికి తియ్యి. చూడు, అనుమతి ఇస్తున్నాను. ఇంకో వారంలో పగలాలి. ఫోన్ చెయ్యను, చేస్తే ఇద్దరం ఏడ్చి పోట్లాడుకుంటాం. కెటిల్‌ని అటక మీంచి దించాను. మొదటి పిల్ల బయటికొస్తే ఒకసారి పెడతాను. సగం దాటితే రెండోసారి పెడతాను. నీకు బుడిపెలు చదవడం వచ్చుగా, చదువుకో.

రెండోది రాకపోతే మాత్రం ఏమీ రాయకు. కొన్నాళ్ళు ఊరుకో.

చెల్లి


కంట్రోల్ రూము
జులై

ఒసేయ్,

సోమవారం పదకొండింటికి మొదటి బుడిపె! కుర్చీలోంచి లేచి అరిచాను. ఏ ఇల్లు ఆరిపోయిందోనని గదంతా పరిగెత్తుకొచ్చారు. వాళ్ళకి సంగతి చెప్పక తప్పలేదు. ఇక ఆ రోజు నలభై వేల ఇళ్ళని ఎంతమంది చూశారో నాకు అనుమానమే.

తర్వాత ఏమీ లేదు. సాయంత్రం దాకా నీ గీత బల్లలా ఉంది. ఇంటికెళ్ళాను, మీ బావ అడిగింది నాకు వినబడలేదట. మంగళవారం పొద్దున వచ్చి చూస్తే అలాగే ఉంది. పది అయింది, పన్నెండైంది. పెద్దసారు నా వెనకాల నిలబడి గీత చూసి వెళ్ళిపోయారు. నేను మనసులో నీకు ఉత్తరం రాసేసుకున్నాను, నువ్వు రాయొద్దన్నా సరే.

రెండింటికి లేచిందే! సన్నగా, నిటారుగా, రెండో బుడిపె. తెర మీద వేలు పెట్టి చూపించాను. పెద్దసారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు.

అంతలో మూడోది వచ్చింది. అది ఒప్పందంలో లేదు. ఆ వెంటనే నాలుగోది! ఏమైందే? అన్నీ బాగానే ఉన్నాయా? కెటిల్‌కి పిచ్చెక్కిందా? వెంటనే రాయి.

నీ అక్క


ఇల్లు, ఎక్కడ చోటుంటే అక్కడ
జులై

అక్కా,

మూడోది బాతులావిడకి, నాలుగోది మాస్టారికి. ఉత్త టీ. అన్నీ నీ కోసమే అనుకోకు.

నూట ఇరవై ఒకటి! ఆవిడ రెండుసార్లు లెక్కపెట్టింది, మాస్టారు ఈల ఊది వరసలో నిలబెట్టబోయారు, ఒక్కటి వింటే ఒట్టు. వచ్చే వారం ఇంకో రెండు వందల గుడ్లు పంపుతోంది ఆవిడ. పిల్లల్ని బలం వచ్చేదాకా నా దగ్గరే ఉంచమంది. గదిలో కాలు పెట్టడానికి చోటు లేదు. ఒకటి నా చెప్పులో నిద్రపోతోంది. ఈ చప్పుడుకి చెవులు చిల్లులు పడుతున్నాయి, నాకు మాత్రం ఆపాలని లేదు.

సెలవు పెట్టి రా. బావని తడి తువ్వాలుతో సహా తీసుకురా. సగం పొదిగి మధ్యలో మానేస్తానని నువ్వనుకోలేదని నాకు తెలుసు, కొంచెం అనుకున్నావని కూడా తెలుసు. వచ్చి చూడు.

నీ కొత్త రూలు నిన్న మా గోడకి వచ్చింది, వస్తూనే ప్రతి ఇంటినీ ఒకసారి అడుగుతోందట. మధ్యాహ్నం పెట్టె టింగుమంది, వెళ్ళి చూస్తే తెర మీద అడుగుతోంది: "ఇంట్లో ఎవరైనా ఉన్నారా?" కింద రెండే మీటలు, ఉన్నారు, లేరు. ఒక పిల్లని చేతిలో పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డాను. అడిగింది పెట్టె కాదు, నువ్వే అనిపించింది.

ఉన్నారని నొక్కాను.

చెల్లి